ప్రయాణికుల ఫోటోల్లో ఇల్లు కనపడాలంటే: పాలమూరు, నల్గొండ బస్టాండ్లలో తీసేవారికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మహబూబ్‌నగర్, నారాయణపేట బస్టాండ్లలో ముంబై, పుణె, హైదరాబాద్ వైపు కూలికి పోయేవాళ్ళను ఫోటోలు తీస్తున్నారు. ‘ఇల్లు’ అనే ఫోటోల వరుస ఒకటి చేయాలని మీ ఆలోచన. క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్) కెమెరా, 18–55, 55–250 మిల్లీమీటర్ల లెన్సులు మీ దగ్గరున్నాయి. కానీ తీసినవన్నీ పేపర్లో కరువు వార్త పక్కన వేసే ఫోటోల్లా వస్తున్నాయని, అందరూ దీనంగా కనపడుతున్నారని, ఇల్లు మాత్రం ఎక్కడా లేదని రాశారు.

ముందు దీనత్వం సంగతి చూద్దాం. అది చాలావరకు కెమెరా ఎత్తు వల్ల వస్తుంది. దూరం పోయే కుటుంబాలు బస్టాండులో ఎక్కువగా నేల మీద, మూటలకు ఆనుకుని కూర్చుంటాయి. మీరు నిలబడి తీస్తే లెన్సు అయిదడుగుల పైన ఉంటుంది, వాళ్ళ కళ్ళు రెండు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. మీ వైపు చూడాలంటే తల ఎత్తాలి. ఫోటోలో నుదురు పెద్దదై గడ్డం చిన్నదైపోతుంది, వెనకాల అంతా సిమెంటు నేలే ఉంటుంది. ఏ మనిషైనా ఎవరినో అర్థిస్తున్నట్టు కనపడటానికి అంతకంటే ఏం కావాలి? మీరూ నేల మీద కూర్చోండి. లెన్సు వాళ్ళ కళ్ళకు సమానంగా, వీలైతే రెండు వేళ్ళు కిందికే ఉండనివ్వండి. అప్పుడు వెనకాల నేల పోయి బస్సులు, బోర్డులు, జనం వస్తారు. ఆ మనిషికి ఒక చోటు దొరుకుతుంది.

రెండో కారణం 55–250 లెన్సు. పది మీటర్ల దూరం నుంచి వాళ్ళకు తెలియకుండా తీస్తున్నారు. రెండు గంటలు బస్సు కోసం ఎదురుచూసే ఎవరి ముఖమైనా వాలిపోతుంది. అది విసుగు. దాన్ని దుఃఖంగా చూపిస్తే అబద్ధమవుతుంది. ఆ లెన్సు ఈ పనికి తీసుకెళ్ళకండి. 18–55లో 23 నుంచి 35 మధ్య ఉండండి, మనిషికి ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో ఉండండి. ఆ దూరంలో మాట్లాడక తప్పదు, అదే మంచిది కూడా. మూడోది, అన్నింటినీ నలుపు తెలుపులోకి మార్చడం. యూరియా సంచి మీది అచ్చు, గళ్ళ లుంగీ, ప్లాస్టిక్ బిందె ముదురు ఆకుపచ్చ, ఇవన్నీ ఆ ఇంటి రంగులు. రంగు తీసేస్తే ఇంట్లో సగం పోతుంది.

ఇక అసలు విషయం. ప్రయాణంలో ఉన్న మనిషి ముఖం ఇంటి గురించి పెద్దగా చెప్పదు. ఆ మనిషి ఏం మోస్తున్నాడు, ఏది ఎవరికి అప్పజెప్పి వచ్చాడు, కూర్చున్న చోటును ఎలా తనది చేసుకుంటున్నాడు, ఈ మూడూ చెబుతాయి. మీరు తీయాల్సింది వీటినే.

మూటను దగ్గరగా చూడండి. దీపావళి దాటాక కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు నుంచి దూరపు పనికి బయల్దేరే కుటుంబం సామానులో ఒక వరస ఉంటుంది. అడుగున బట్టలు, దుప్పట్లు ఉన్న పెద్ద సంచి, దాని మీద బియ్యం. వంట గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి చీరముక్కతో కట్టి ఉంటాయి. అన్నిటికంటే పైన, లేదా ఒళ్ళోనే, సద్ది మూట. దాంట్లో బాగా కాల్చి ఆరబెట్టిన జొన్న రొట్టెలు, పల్లి పొడి, కారం. రొట్టెల మూటను కింద పెట్టరు, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వరు. ఏది కింద, ఏది పైన, ఏది చేతిలో అన్నది గమనిస్తే ఆ ఇంట్లో దేనికి ఎంత విలువో తెలిసిపోతుంది. సామాను సర్దేటప్పుడు, విప్పేటప్పుడు తీయండి. మూసిన మూట కంటే సగం విప్పిన మూట ఎక్కువ మాట్లాడుతుంది. మూట మీద చేయి ఉన్న క్షణం దొరికితే ముఖం ఫ్రేములో లేకున్నా ఫరవాలేదు.

రెండోది తువ్వాల. బస్సు ప్లాట్‌ఫారం మీదికి తిరగగానే కిటికీలోంచి తువ్వాలో, చేతిసంచో, ఒక్కోసారి చెప్పో సీటు మీద పడుతుంది. ఇక ఆ సీటు ఆ కుటుంబానిది. తలుపు దగ్గర తోసుకుని ఎక్కినవాళ్ళు కూడా ఆ తువ్వాలను గౌరవిస్తారు, గౌరవించకపోతే గొడవవుతుంది. ‘ఇది మాది’ అని మనిషి చెప్పుకునే అతి చిన్న పద్ధతి ఇది, మీ వరుసకు దీనికి మించిన ఫోటో లేదని నా అభిప్రాయం. దీన్ని తీయాలంటే బస్సు ఆగాక పరుగెత్తితే లాభం లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకుని, వెనక చక్రానికి ఎదురుగా రెండు మీటర్ల దూరంలో, రివర్స్ తీసే దారికి అడ్డం రాకుండా నిలబడండి. షట్టర్ 1/250 సెకను, అపర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 5.6, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) ఆటో. ఫోకస్ కిటికీ అంచు మీద ముందే పెట్టి వదిలేయండి. చేతులు లేచినప్పుడు కెమెరా ముఖాలను వెతుక్కుంటూ పోతే ఆ క్షణం జారిపోతుంది. ఆ తర్వాత లోపలికి ఎక్కి, ఇంకా ఎవరూ కూర్చోని సీటు మీద ఒంటరిగా పడి ఉన్న తువ్వాలను కూడా తీయండి.

మూడోది తాళంచెవి. ఆడవాళ్ళ కొంగు ముడిలోనో, మగవాళ్ళ మొలతాడుకో ఉంటుంది. ముసలివాళ్ళు ఇంటి దగ్గరే ఉంటే తాళం అవసరమే పడదు. అందుకే ‘మీదే ఊరు?’ అని మొదలుపెట్టినా అక్కడే ఆగకండి. దానికి అందరూ ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకుంటారు. ‘అక్కా, ఇంటి దగ్గర ఎవరున్నరు?’, ‘తాళం ఎవరికిచ్చి వచ్చిన్రు?’, ‘బర్రెను ఎవరు చూస్తరు?’ అని అడగండి. జవాబు చెబుతూ చెయ్యి తనంతట తానే కొంగు దగ్గరికి పోతుంది. అప్పుడు తీయండి, పోజు పెట్టమని మాత్రం అడగొద్దు.

అనుమతి ఎలా అడగాలో కూడా చెబుతాను, చాలామంది ఇక్కడే తడబడతారు. ముందు కూర్చోండి, కెమెరా ఒళ్ళో కనపడేలా ఉంచండి. పేరు, ఊరు చెప్పండి. ‘ఊరు విడిచి పోయేటోళ్ళ ఫోటోలు తీస్తున్న. పేపర్లకు గాదు. తీసినంక మీకు చూపిస్త, వద్దంటే తీసేస్త’ అనండి. ఒప్పుకుంటే తీసి, అక్కడికక్కడే స్క్రీన్ మీద చూపించండి. వద్దంటే వాళ్ళ ఎదుటే తొలగించండి. సర్కారు పథకానికి పేరు రాసుకోవడానికి వచ్చారని కొందరు అనుకుంటారు. పింఛను, ఇల్లు, రేషన్‌కార్డు ఏదైనా వస్తుందేమోనన్న ఆశతో ఒప్పుకున్న ఒప్పుదల ఒప్పుదల కాదు. అందుకే ‘దీనివల్ల మీకు పైసలు, పథకాలు ఏం రావు’ అని ముందే తేల్చి చెప్పండి.

దాచి తీయడం గురించి కూడా అడిగారు. అమెరికా ఫోటోగ్రాఫర్ వాకర్ ఇవాన్స్ 1938–41 మధ్య న్యూయార్క్ సబ్‌వేలో కోటు లోపల కాంటాక్స్ కెమెరా దాచి ప్రయాణికులను తీశాడు. గొప్ప ఫోటోలే, కానీ వాటిని పుస్తకంగా 1966 దాకా వేయలేదు. మీ ఫోటో ఆ సాయంత్రమే వాట్సాప్‌లో కోస్గి చేరుతుంది. ఆ ఫోటోలో ఉన్న మనిషి అప్పులవాడికి చెప్పకుండా బయల్దేరి ఉండవచ్చు. దాచి తీయకండి.

వెలుతురు సంగతి. పగలు బస్టాండు కప్పు కింద నీడ, బయట మండే ఎండ. రెండూ ఒకే ఫ్రేములో పెడితే బయటంతా తెల్లగా కాలిపోతుంది. మనిషిని కప్పు అంచుకు దగ్గరగా, ముఖం బయటి వైపు తిరిగి ఉన్నప్పుడు తీయండి. అన్నిటికంటే మంచి సమయం సూర్యాస్తమయం తర్వాత 15 నుంచి 25 నిమిషాలు. డిసెంబరులో 5:45 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, మేలో 6:40 దాటుతుంది. ఆ కాసేపు ఆకాశం వెలుగూ బస్సు లోపలి దీపం వెలుగూ సమానమై, కిటికీలో ముఖం, బయట బోర్డు రెండూ కనపడతాయి.

చీకటి పడ్డాక ఫోటోల్లో అడ్డపట్టీలు వస్తున్నాయని రాశారు. కారణం సులువు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టర్ అంతకంటే వేగంగా, 1/250 లాంటి చోట ఉంటే, అందులోనూ సైలెంట్ షట్టర్ వాడితే, పట్టీలు పడతాయి. దీపాల కింద 1/50 లేదా 1/100 మాత్రమే వాడండి, సైలెంట్ షట్టర్ ఆపేయండి. కూర్చున్నవాళ్ళకు 1/50, ఐఎస్‌ఓ 3200. కదిలేవాళ్ళకు 1/100, ఐఎస్‌ఓ 6400. గింజ (ఫోటో మీది చుక్కలు) కనపడితే కనపడనివ్వండి. రా ఫైలు (కెమెరా దిద్దని ముడి ఫైలు) తీస్తే తెల్ల ట్యూబు, పసుపు బల్బు కలిసిన రంగును తర్వాత సరిచేసుకోవచ్చు.

రంధ్రం బాగా పెద్దగా తెరుచుకునే ఎఫ్ 1.8 లెన్సు కొనాలా అని అడిగారు. క్రాప్ సెన్సార్ మీద 35 లెన్సుతో రెండు మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా ఉండేది జానెడు లోతే. ముఖం నిలుస్తుంది, మూట కరిగిపోతుంది. ఎఫ్ 5.6 దగ్గర ఆ లోతు రెండున్నర అడుగులవుతుంది, మనిషీ ఒళ్ళో మూటా రెండూ నిలుస్తాయి. ఈ వరుసకు మీ కిట్ లెన్సే సరైనది. ఆ డబ్బు ప్రింట్లకు దాచుకోండి. ఫోన్‌తో తీస్తే నైట్ మోడ్ ఆపేయండి. అది చాలా ఫ్రేములు కలుపుతుంది, కదిలే చేతులు రెండుగా కనపడతాయి.

బస్సు కిటికీలు. పల్లెవెలుగులో ఊచలుంటాయి. బయటి నుంచి సూటిగా తీస్తే ప్రతి మనిషీ జైల్లో ఉన్నట్టే వస్తాడు. ఆ అర్థం మీరు చెప్పాలనుకున్నది కాదు గనుక జానెడు పక్కకు జరిగి, ఊచ కళ్ళకు అడ్డం పడకుండా చూసుకోండి. అద్దం మూసి ఉన్న ఎక్స్‌ప్రెస్, గరుడ బస్సుల్లో ప్రతిబింబం సమస్య. పోలరైజర్ (ప్రతిబింబం తగ్గించే ఫిల్టర్) వాడితే రెండు స్టాపుల దాకా, అంటే నాలుగో వంతే మిగిలేలా, వెలుతురు పోతుంది, పైగా గట్టిపరచిన అద్దం మీద ఇంద్రధనుస్సు మచ్చలు తేలతాయి. దానికంటే లెన్సు ముందు తొడిగే రబ్బరు హుడ్ మేలు, లేకపోతే నల్ల గుడ్డ. లోపలి నుంచి తీసేటప్పుడు లెన్సును అద్దానికి నొక్కిపెట్టకండి, ఇంజను అదురు కెమెరాకు ఎక్కుతుంది.

ఆడవాళ్ళ ప్రయాణం 2023 డిసెంబరు 9 నుంచి మారింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేని జీరో టికెట్ వచ్చాక పుట్టింటికి పోయిరావడం, పొద్దున పట్నం పోయి సాయంత్రం తిరిగి రావడం పెరిగింది. వలస అంటే ఆరునెలల ముంబై ప్రయాణమే అనుకుంటే మీ వరుస ఇరుకైపోతుంది. దేవరకొండ నుంచి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండుకు పోయే బస్సులో తండాల నుంచి వచ్చి మేస్త్రీ పనికి దిగే ఆడవాళ్ళుంటారు, పుట్టింటికి పసిబిడ్డతో పోయే తల్లులుంటారు. ఇల్లు వీళ్ళకు రెండు చోట్లుంది.

రైల్వే స్టేషన్ నియమాలు వేరు. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది, కానీ అది ఫోటోలకు అనుమతి కాదు. పెద్ద కెమెరాతో వరుసగా తీయాలంటే డివిజన్ కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. మీరు తీసే స్టేషన్ ఏ డివిజన్ కిందిదో ముందే కనుక్కోండి. అర్జీ తప్పు ఆఫీసుకు పోతే అక్కడే పడి ఉంటుంది. బస్టాండుకైతే డిపో మేనేజరుకు ఒక అర్జీ, పని వివరం ఒక పేజీ, ఆధార్ నకలు ఇచ్చి, స్టాంపు వేసిన నకలు జేబులో పెట్టుకోండి. పట్టాల మీదికి దిగి తీయకండి, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. మీకు దగ్గరలో దేవరకద్ర మీదుగా మక్తల్, కృష్ణా వైపు పోయే లైను ఉంది. 2023 అక్టోబరు 1న జక్లేర్–కృష్ణా భాగం ప్రారంభమయ్యాక రాయచూరు దాకా రైలు నేరుగా పోతోంది. చిన్న స్టేషన్లలో జనం తక్కువ, మాట్లాడే తీరిక ఎక్కువ. మొదటి నెల అక్కడ పనిచేయమని నా సలహా.

పోయేవాళ్ళనే తీస్తున్నారు, వచ్చేవాళ్ళను కూడా తీయండి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బీహారు హమాలీలున్నారు. ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలున్నాయి. వరినాట్లకు ఉత్తరాది కూలీలు వస్తున్నారు. పాలమూరు మనుషులు ముంబైలో చేసేది వీళ్ళు ఇక్కడ చేస్తున్నారు. ముంబైలోని కామాఠీపురకు ఆ పేరు తెలంగాణ నుంచి పోయిన కామాఠీ కూలీల వల్లే వచ్చిందన్నది గుర్తుంచుకుంటే, మన స్టేషన్లో దిగే బీహారీ యువకుణ్ణి పరాయివాడిగా తీయలేరు. ఇద్దరి మూటలూ పక్కపక్క పేజీల్లో పెట్టండి. కొల్లాపూర్ దగ్గర సోమశిల రేవు కూడా చూడండి. అక్కడ బోటెక్కేవాళ్ళలో పెద్ద వయసువారిని అడిగితే, శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ళ సంగతి వస్తుంది. తిరిగి పోవడానికి ఊరే లేనివాళ్ళ మాట మీ వరుసలో తప్పక ఉండాలి.

ఇప్పుడు రెండో సగం. బస్టాండు ఫోటో ఒక్కటే ఇల్లు చెప్పలేదు. ఒప్పుకున్న కుటుంబాల్లో మూడు నాలుగింటిని ఎంచుకుని వాళ్ళ ఊరికి పోండి. తాళం వేసిన తలుపు, అరుగు మీద మిగిలిన ముసలమ్మ, చూరులో దూర్చిన నాగలి. వీలైతే పనిచోట వేసుకున్న రేకుల గుడిసె కూడా. అక్కడ దేవుడి పటం ఏ మూలన పెట్టారో, పొయ్యి ఏ దిక్కున వేశారో చూడండి. ఊరి ఇంట్లో అవి ఎక్కడున్నాయో పోల్చి, అదే ఎత్తు, అదే దూరం నుంచి రెండు చోట్లా తీయండి. తిరిగొచ్చే కాలం కూడా వదలొద్దు. కురుమూర్తి జాతర, పీర్ల పండుగ, ఉగాది, పెళ్ళిళ్ళ ఎండాకాలం, మిరుగం (మృగశిర కార్తె) ముందు విత్తనాల వేళ. తాళం తీసే చేయి దొరికేది అప్పుడే.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. తాళం వేసిన ఇంటి ఫోటోను ఊరి పేరుతో సహా ఆన్‌లైన్‌లో పెడితే, ఆ ఇల్లు ఆరునెలలు ఖాళీ అని దొంగలకు చెప్పినట్టే. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ ఫోటో బయటపెట్టకండి. ఫోన్లో లొకేషన్ ఆపేయండి, ఎగుమతి చేసేటప్పుడు ఫైలులోంచి స్థల సమాచారం తొలగించండి.

కూలీలను పనికి తీసుకెళ్ళే మేస్త్రీ విషయంలోనూ అంతే. అడ్వాన్సు తీసుకుని బయల్దేరిన గుంపులో మేస్త్రీ ఉంటే, అతని ముందు డబ్బు సంగతి అడగకండి. అతని బండి నంబరు, ముఖం పడ్డ ఫోటో బయటికొస్తే పనిచోట ఇబ్బంది పడేది కూలీలే. పిల్లలను తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే తీయండి. బట్టీల్లో పనిచేస్తున్న పిల్లల ముఖాలు అసలే బయటపెట్టకండి. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు వెల్లడించడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది.

ఫోటో కింద రాసేది ఫోటో అంత ముఖ్యం. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంజ్ తీసిన వలస తల్లి ఫోటో లోకమంతా చూసింది, కానీ లాంజ్ ఆమె పేరు అడగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు 1978 దాకా జనానికి తెలియలేదు. కారు టైర్లు అమ్ముకున్నారన్న లాంజ్ మాటను ఆ కుటుంబం ఒప్పుకోలేదు. ఆ ఫోటో తీయకుంటే బాగుండేదని థాంప్సన్ అన్నది. అందుకే ఫోటో తీసిన పది నిమిషాల్లోపే నోటుబుక్కులో రాయండి: వాళ్ళు చెప్పమన్న పేరు, ఊరు, ఎక్కడికి, ఏ పనికి, ఎప్పుడు తిరిగొస్తారు, తేదీ, బయటపెట్టడానికి ఒప్పుకున్నారా, ఎంతవరకు. దాని పక్కన వాళ్ళ మాట ఒకటి, వాళ్ళు అన్నది అన్నట్టే. రాసింది చదివి వినిపించండి. ‘కన్నీటి పయనం’, ‘గుండె కోత’ లాంటి శీర్షికలు వద్దు.

ప్రింటు ఇవ్వడం మరవకండి. 4×6 సైజుకు 1200×1800 పిక్సెళ్ళుంటే చాలు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి, చెమటకూ వానకూ రంగు పోదు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత పడిపోతుంది. నంబరు మారుతూ ఉంటుంది కనుక ఊరి దగ్గర ఉండేవాళ్ళ నంబరు కూడా అడిగి రాసుకోండి.

ఎంపికకు వచ్చేసరికి 20కి మించకండి. వాటిలో మూడో వంతు మనుషులు లేనివి ఉండాలి: మూట, తువ్వాల, తాళం, అరుగు, గుడిసె. ఒకే కుటుంబం తలుపు, బస్సు, పనిచోటు మూడూ దొరికితే వాటిని వరుసగా పెట్టకుండా మధ్యలో వేరే ఫోటోలు వేయండి, చూసేవాళ్ళు తాము గుర్తుపట్టాలి. ప్రదర్శన పెట్టాలనుకుంటే మొదటిది హైదరాబాద్ గ్యాలరీలో కాకుండా డిపో మేనేజరును అడిగి నారాయణపేట బస్టాండులోనే పెట్టండి. ఫోటోల్లో ఉన్నవాళ్ళు చూసి, ఇది తీసేయమంటే, ఆ ఒక్కటి వరుసలోంచి తీసేయండి.